ఇద్దరు అప్పలనాయుళ్ళు, ఒక కిరాణి పుట్టినరోజు

అది 2023. మలేషియాలో సుంగై సుమున్ అనే ఊళ్ళో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. కిటికీ తెరిస్తే పామాయిల్ తోట, కంప్యూటర్ తెరిస్తే ఐరోపా దేశాల పోలీసు శాఖలు. ఇలా చెబితే నేనేదో గూఢచారినని అనుకుంటారు. నా పని సరిగ్గా దానికి తలకిందులు. ప్రభుత్వాలు జనం మీద నిఘా పెడతాయి. ఆ నిఘా హద్దు దాటుతోందా, మనుషుల హక్కులను తొక్కేస్తోందా అని ఐరోపాలో ఒక చిన్న సంస్థ కనిపెట్టి చూస్తూ ఉంటుంది. కౌలాలంపూర్‌లో లా చదివి, పై చదువుకు అక్కడికి వెళ్ళినప్పుడు ఆ సంస్థలో ఉద్యోగం దొరికింది. చలి నా వల్ల కాలేదు. పని మాత్రం నచ్చింది. అందుకని పనిని మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇరుగుపొరుగు వాళ్ళు "మీ సరోజ ఏటి సేస్తాది?" అని అడిగితే మా అమ్మ దగ్గర ఒకటే జవాబు. "తెల్లోళ్ళకి ఉత్తరాలు రాసి ఇసిగిస్తాది. దానికి ఆళ్ళే జీతం ఇస్తారు."

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ప్రభుత్వాలు దాచినవాటిని చట్టం చూపించి అడగడమే మా వృత్తి. అడిగితే కాగితాలు వస్తాయి. వాటిలో సగం వాక్యాల మీద నల్లపట్టీలు ఉంటాయి. దీన్ని రిడాక్షన్ అంటారు. ఆ పట్టీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి ఒక సమావేశం వివరాలు అడిగితే, మధ్యాహ్న భోజనం అన్న మాట ఉంచి, ఏం వడ్డించారో నల్లపట్టీ కింద దాచి పంపారు. దేశ భద్రతకూ ఉడకబెట్టిన బంగాళాదుంపకూ ఏమిటి సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడాది చివర్లో ఒక ఉదయం, మోటార్ సైకిల్‌కు పీతల సంచీ తగిలించుకుని పడవ అప్పన్న మావయ్య వచ్చాడు. అసలు పేరు అప్పలనాయుడు. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. హుటాన్ మెలింటాంగ్‌లో ఒక చీనా తౌకే, అంటే యజమాని, షెడ్డులో చిన్నప్పుడే చేరి చెక్క పడవలు కట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అందరూ ఫైబర్ పడవలు కొనుక్కుంటున్నారు. చెంగల్ చెక్కతో చేత్తో పడవ కట్టేవాళ్ళు ఆ తీరంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. పీతల సంచీ అమ్మ చేతికిచ్చి, ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. ఈ దేశంలో అందరిలాగే ఆయనకూ మాట చివర "లా" తగిలించడం అలవాటు.

"పాపా, నువ్వు తెల్లోళ్ళ మీద కేసులు ఏస్తావంట గదా?"

"కేసులు కాదు మావయ్యా, ప్రశ్నలు. ఏటైనాది?"

ఏమైందంటే, ఉత్తర ఐరోపాలో ఒక రేవు పట్టణంలో ప్రతి వేసవిలోనూ పడవల పండగ జరుగుతుంది. అక్కడి మ్యూజియం వాళ్ళు ఇంటర్నెట్‌లో ఆయన పనితనం చూసి పిలిచారు. ఈయన సగం కట్టిన పడవను, మిగతా పలకలను ఓడలో ముందే తెప్పించుకున్నారు. తర్వాత వెళ్ళి జనం చూస్తుండగా మిగతా సగం పూర్తి చేయాలి. ఆఖరిరోజు పడవను నీళ్ళలోకి దించాలి. మావయ్య కొత్త చొక్కా కుట్టించుకుని, ఉలి, సుత్తి లగేజీలో పెట్టుకుని విమానం ఎక్కాడు. అక్కడి ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు అధికారి కంప్యూటర్ వంక చూశాడు, ఈయన వంక చూశాడు, పక్కగదిలో కూర్చోబెట్టాడు. తర్వాతి విమానంలో వెనక్కి పంపేశారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు.

"దొంగని సూసినట్టు సూసినారు పాపా. నా ఉలి తీసి, ఇదేటి ఆయుధమా అని అడిగినారు. అది పోనీ లా. ఆ పడవ అక్కడ టార్పాలిన్ కింద ఉన్నాది. సగం పడవ! మంగలోడు సగం తల గొరిగీసి ఎల్లిపోతే ఎలాగుంటాది? అలాగున్నాది నాకు."

నాకు నవ్వు వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. వచ్చే వేసవి పండగకు కూడా రాలేకపోతే, పడవను అలాగే అసంపూర్తిగా ప్రదర్శనకు పెడతామని మ్యూజియం వాళ్ళు మర్యాదగానే చెప్పారట. నలభై ఏళ్ళు పడవలు కట్టిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

ఆయన చెప్పింది విన్నాక నాకు విషయం అర్థమైంది. ఐరోపా దేశాల సరిహద్దు పోలీసులకు ఒక ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థ ఉంటుంది. ఎవరినైనా లోపలికి రానివ్వకూడదు అనుకుంటే వాళ్ళ పేరు అందులో పెడతారు. ఆ నమోదును అలర్ట్ అంటారు. మావయ్య పేరు మీద అలర్ట్ ఉండి ఉండాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అనేది మనకు కనిపించదు. కానీ ఒక మంచి చట్టం ఉంది. ప్రపంచంలో ఎక్కడివాళ్ళైనా సరే, నా గురించి మీరేం రాసుకున్నారు అని ఆ దేశాన్ని అడగవచ్చు. దాన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. అడిగినవాడికి వాడి సంగతి మాత్రమే చెబుతారు. పక్కవాడిది చెప్పరు.

మావయ్య చేత సంతకం పెట్టించి పంపాను. జవాబు రావడానికి వాళ్ళు చట్టం ఇచ్చిన గడువు మొత్తం వాడుకున్నారు. వచ్చిన జవాబు ఇది: "మీ గురించి సమాచారం ఉన్నదని గానీ లేదని గానీ ధ్రువీకరించలేము." మా వృత్తిలో ఈ వాక్యం అందరికీ కంఠతా వచ్చు. దాచడానికి ఏమీ లేకపోయినా ఇదే వాక్యం పంపుతారు. మావయ్యకు చదివి వినిపించాను.

"ఉందో నేదో సెప్పరా? నా గురించే గదా? మరి ఎవుడికి సెప్తారు?"

ఆ ప్రశ్న మా ఆఫీసు గోడకు రాసి పెట్టాలి అనిపించింది. మా పై అధికారిణి బీర్గిత్‌కు వీడియోలో అనువదించి చెప్పాను. ఆవిడ నవ్వేసి, తర్వాత నిట్టూర్చింది. సమాచార రక్షణ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, గెలుస్తాం కూడా, కానీ అది తేలేసరికి రెండు పండగలు అయిపోతాయి అంది. మాకున్నది ఒకే ఒక్క వేసవి. నేను చట్టాలన్నీ తిరగేసి కూర్చున్నాను. దారి కనిపించలేదు, కోపం మాత్రం బాగా పెరిగింది. అమ్మ నన్ను చూసి, వంటింట్లోకి రావద్దు, పాలు విరుగుతాయి అంది.

మే నెలలో ఒక ఆదివారం మావయ్య నన్నూ అమ్మనూ పుట్టినరోజుకు పిలిచాడు. ఈ పుట్టినరోజు గురించి కొంచెం చెప్పాలి. ఇలాంటిది ఇంకెక్కడా ఉండదు. మా తాతముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఈ ప్రాంతపు కొబ్బరి తోటల్లోకి కూలికి వచ్చినవాళ్ళు. పాత రోజుల్లో ఎస్టేట్‌లో పిల్ల పుట్టినా పిల్లాడు పుట్టినా ఎవరూ తేదీ రాసుకోలేదు. ఎస్టేట్ గుమాస్తాను కిరాణి అనేవాళ్ళు. ఆయనకు ఎప్పుడో ఒకరోజు పట్నంలో పని పడేది. అప్పటిదాకా పోగైన పిల్లలందరినీ ఒక్కసారే నమోదు చేయించి, అందరికీ ఒకే పుట్టినతేదీ వేయించి, భోజనం చేసి ఇంటికి వచ్చేవాడు. అలా ఆ మే నెల తేదీన పుట్టినట్టు కాగితాల్లో ఉన్నవాళ్ళు మా చుట్టుపక్కల డజను మందికి తక్కువ ఉండరు. ప్రతి ఏడాదీ వాళ్ళంతా ఒకచోట చేరి ఒకే కేకు కోస్తారు. దాన్ని కిరాణి పుట్టినరోజు అంటారు. ఆ కిరాణి ఎప్పుడు పుట్టాడో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ ఏడు పండగ మీసాల అప్పన్న ఇంటి ముందు. ఆయన బాగన్ దాతుక్ దారిలో ఒక చిన్న హోటల్ నడుపుతాడు. పేరుకు తగ్గ మీసం. పందిరి వేశారు, పులిహోర, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, కోడికూర పక్కపక్కనే పెట్టారు. కేకు కోసేముందు ఒక ఆచారం ఉంది. ఒక్కొక్కళ్ళూ తాము నిజంగా ఎప్పుడు పుట్టారో వాళ్ళమ్మ చెప్పినట్టు చెప్పాలి. ఒకావిడ ఎలుగుబంటి ఎస్టేట్‌లోకి వచ్చి అరటిగెల తినేసిన వారం పుట్టిందట. పడవ అప్పన్న పెద్ద వరద రోజు, జనాన్ని ఎక్కించుకుపోతున్న పడవలోనే పుట్టాడట. "అందుకే పడవలు కడతన్నాడు," అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు, ప్రతి ఏడూ అందరూ కొత్తగా విన్నట్టు నవ్వుతారు.

మీసాల అప్పన్న భార్య కత్తి ఎత్తి పట్టుకుని, "అప్పలనాయుడూ, ఇదిగో, కొయ్యి!" అంది.

రెండు చేతులు ముందుకు వచ్చాయి. పడవ అప్పన్నది ఒకటి, మీసాల అప్పన్నది ఒకటి.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పులిహోర పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఊళ్ళో పెద్దవాళ్ళను ముద్దుపేర్లతోనే పిలుస్తాం. మీసాల అప్పన్న అసలు పేరు కూడా అప్పలనాయుడే అన్న సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసినా ఒక్కసారి కూడా తట్టలేదు. సింహాచలం అప్పన్న పేరు పెట్టని ఇల్లు మాలో లేదు మరి.

"మావయ్యా, మీ నాన్నగారి పేరు?" అని మీసాల అప్పన్నను అడిగాను.

"రాములు. ఎందుకు?"

పడవ అప్పన్న తండ్రి పేరు కూడా రాములే. మలేషియా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండదు. మన పేరు, తండ్రి పేరు, అంతే. పుట్టినతేదీ ఏమిటని అడగబోయి కేకు వంక చూసి ఊరుకున్నాను.

"యూరప్ ఎప్పుడైనా ఎల్లినారా మావయ్యా?"

ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది. గొంతు తగ్గించి చెప్పాడు. ముప్పై ఏళ్ళ కిందట సరుకు ఓడలో వంటవాడిగా పనిచేశాడు. ఒక రేవులో దిగి తిరిగి ఎక్కలేదు. అనుమతి లేకుండా అక్కడే ఒక హోటల్లో రెండేళ్ళు వండాడు. పట్టుకుని, మళ్ళీ రావద్దని చెప్పి పంపేశారు.

ఆయన భార్య చేతిలో కత్తి అలాగే ఉంది. "సింగపూర్ అన్నావు గదా!"

"సింగపూర్ మీంచే ఎల్లినాను లా."

"సింగపూర్‌లో మంచు పడతాదని నువ్వు సెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చినాది!"

అందరి నవ్వుకీ పందిరి లేచిపోయింది. మీసాల అప్పన్న మాత్రం నవ్వలేదు. తన పాత పని వల్ల స్నేహితుడిని ఎయిర్‌పోర్టులో దొంగలా కూర్చోబెట్టారని ఆయనకు అప్పుడే తెలిసింది. పడవ అప్పన్న నన్ను పక్కకు లాగాడు.

"పాపా, ఈడి పేరు ఎక్కడా సెప్పకు. పోలీసోళ్ళ దగ్గర ఈడి మీద సెప్పి నేను పడవ కట్టుకోను. పడవ పోతే పోనీ."

ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. నిఘాకు ఉన్న చెడ్డ గుణమే అది. నీ మీద అనుమానం పోవాలంటే పక్కవాడిని చూపించు అంటుంది. ఈ మనిషి చూపించను అన్నాడు. నేను కూడా మీసాల అప్పన్న పేరు ఆయన ఒప్పుకోకుండా ఒక్క అక్షరం రాయను. అది మా పనిలో మొదటి నియమం. కానీ ఇంకో దారి ఉంది. అలర్ట్ మీసాల అప్పన్నదైతే, దాని గురించి అడిగే హక్కు కూడా ఆయనదే. ఆ మాట అందరికీ వినబడేలా చెప్పాను.

"అడిగితే పట్టుకుంటారేటి?" అన్నాడు మీసాల అప్పన్న.

"ఇక్కడికొచ్చి ఎవుళూ పట్టుకోరు మావయ్యా. మీ గురించి ఏటి రాసుకున్నారో సెప్పమంటాం, అంతే. వద్దంటే మానీద్దాం."

"తప్పు సేసినోడు కూడా అడగొచ్చా?"

"అడగొచ్చు."

ఆయన నమ్మలేదు. నేను మళ్ళీ చెప్పాను. తప్పు చేసినవాడి గురించైనా ఇష్టం వచ్చినంత కాలం, ఇష్టం వచ్చినట్టు రాసుకుని దాచుకోవడానికి వీల్లేదు, దానికీ ఒక గడువు ఉంటుంది అని. అప్పుడు ఆయన లేచి, భార్య చేతిలోని కత్తి తీసుకుని, పడవ అప్పన్న చేతిని కూడా దాని మీద వేయించాడు. ఇద్దరూ కలిసి కేకు కోశారు.

"అయితే అడుగు పాపా. ముప్పై ఏళ్ళుగా గుండెల్లో పెట్టుకుని తిరుగుతన్నాను. అడిగీ."

మర్నాడే ఇద్దరి తరఫునా రెండు అభ్యర్థనలు ఒకేసారి పంపాను. వేలిముద్రలు, ఫోటోలు జతచేశాను. వాటితోపాటు ఇద్దరూ ఒకే కత్తి పట్టుకుని కేకు కోస్తున్న ఫోటో కూడా పెట్టాను. అది చట్టం అడగలేదు. నాకే పెట్టాలనిపించింది. బీర్గిత్ ఆ ఫోటో చూసి, ఇన్నేళ్ళలో ఇంత రుచికరమైన సాక్ష్యం చూడలేదంది. ఆవిడే స్వయంగా ఆ దేశపు పోలీసు కార్యాలయానికి ఫోన్ చేసి, ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, ఒకే పుట్టినతేదీ ఉన్న ఇద్దరు మనుషులు మీ తలుపు తడుతున్నారు, వేలిముద్రలు పోల్చి చూడటం మీ బాధ్యత అని గుర్తుచేసింది.

ఈసారి జవాబు గడువుకు ముందే వచ్చింది. మీసాల అప్పన్న మీద అలర్ట్ ఉండేదట. దాని గడువు ఎన్నడో తీరిపోయిందట. ఎవరూ తెరిచి చూడకుండా పాతదాన్నే పొడిగిస్తూ పోయారట. ఇప్పుడు చెరిపేశారు. పడవ అప్పన్న మీద అసలు ఎప్పుడూ ఏమీ లేదు. క్షమాపణ అన్న మాట కోసం కాగితం అటూ ఇటూ తిప్పాను. దొరకలేదు. అయినా నేను కుర్చీలోంచి లేచి గెంతిన గెంతుకు అమ్మ వంటింట్లోంచి అట్లకాడ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత మా సంస్థ ఒక పెద్ద ప్రశ్న వేసింది. ఇలా గడువు తీరినా చెరపకుండా ఉంచిన అలర్టులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి అని. దానికి వచ్చిన కాగితం నిండా నల్లపట్టీలే. ఆ పోరాటం ఇంకా నడుస్తోంది. చెప్పేదాకా వదలం.

పండగకు పడవ అప్పన్న ఒక షరతు పెట్టాడు. సహాయకుడిగా మీసాల అప్పన్న రావాలని. మ్యూజియం ఒప్పుకుంది. మా సంస్థ వార్షిక సమావేశం కూడా ఆ రోజుల్లోనే ఉండటంతో ముగ్గురం కలిసి వెళ్ళాం. పాస్‌పోర్టు వరసలో నేను వాళ్ళ వెనకాల నిలబడ్డాను. అన్ని చట్టాలు చదివిన నేనే, ఆ జవాబు కాగితం సంచీలో ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకున్నాను. పడవ అప్పన్న పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. తర్వాత మీసాల అప్పన్న తనది ఇచ్చాడు. అధికారి తెరిచి చూసి, మొదటాయనను వెనక్కి పిలిచి, రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"కవలలా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నో లా," అన్నాడు పడవ అప్పన్న గర్వంగా. "సేమ్ కిరాణి."

అధికారి నా వంక చూశాడు. చెప్పాలంటే వందేళ్ళకు పైబడ్డ తోటల చరిత్ర చెప్పాలి. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన కంప్యూటర్ వంక చూశాడు. దానికేమీ తెలియనట్టుంది. ముద్ర వేశాడు.

మ్యూజియం పెరట్లో టార్పాలిన్ తీయగానే పడవ అప్పన్న మొదట చేసిన పని అక్కడివాళ్ళ మీద కేకలేయడం. పలకలు ఎండలో పెట్టారని. వాళ్ళకు భాష అర్థం కాకపోయినా తప్పు అర్థమైంది, పడవను నీడలోకి జరిపారు. అక్కణ్ణించి ఆయన ఉలి చప్పుడు ఆగలేదు. పిల్లలు, ముసలివాళ్ళు చుట్టూ చేరి చూశారు. మీసాల అప్పన్న పగలు పలకలు పట్టుకున్నాడు, మధ్యాహ్నం అయ్యేసరికి పెద్ద బాండీలో మీ గోరెంగ్ అనే మలేషియా నూడుల్స్ వేయించి చూడవచ్చిన వాళ్ళందరికీ పెట్టాడు. ముప్పై ఏళ్ళ కిందట దొంగచాటుగా వండిన దేశంలో నడివీధిలో నిలబడి వండాడు. ఆఖరిరోజు పడవ నీళ్ళలోకి జారింది. చుక్క నీరు లోపలికి రాలేదు. రేవు రేవంతా చప్పట్లు కొట్టింది. పడవకు ఏం పేరు పెడతారని మ్యూజియం వాళ్ళు అడిగారు. ఇద్దరు అప్పలనాయుళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఆ రేవులో "కిరాణి" అనే పడవ కట్టి ఉంది. నాకు ఆ రోజు ఎంత సంతోషం వేసిందంటే, చలి సంగతే మర్చిపోయాను.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి మారింది. ఇదివరకు ఎవరైనా వస్తే పాస్‌పోర్టులో ఉన్న పేరు, తేదీ రాసుకుని మొదలుపెట్టేదాన్ని. సరిహద్దు పోలీసు చేసేది కూడా అదే. ఇప్పుడు మొదట, మిమ్మల్ని ఇంటి దగ్గర ఏమని పిలుస్తారు, మీ పేరే ఉన్నవాళ్ళు ఇంకెవరున్నారు అని అడుగుతాను. బీర్గిత్ ఆ ప్రశ్నలను ఆఫీసంతటికీ పెట్టింది. వాటి వల్ల ఇప్పటికే ఇంకో రెండు చిక్కుముడులు విడిపోయాయి.

ఈ మధ్య కిరాణి పుట్టినరోజున మీసాల అప్పన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పాపా, ఆళ్ళు నా గురించి ఇప్పుడేటి రాసుకున్నారో మళ్ళీ ఒకసారి అడుగు."

"ఇప్పుడేటీ నేదు మావయ్యా. మొత్తం చెరిపీసినారు గదా."

ఆయన మీసం కిందికి వాలిపోయింది. "ఏటీ నేదా? ఊరూరంతటికీ వండి పెట్టినాను. అదైనా రాసుకోలేదేటి?"